శివారు వీధులకు నీళ్లు అందకపోతే: లైను మార్చేముందు నష్టాన్ని కొలిచి, వెతికి, ఆపే పద్ధతి

మీ ప్రశ్నలోని వివరాలు ఇవి. 300 కిలోలీటర్ల ఓవర్‌హెడ్ ట్యాంకు, దాని కింద 1,400 కుళాయి కనెక్షన్లు. ఉదయం గంట, సాయంత్రం గంట సరఫరా. రెండు పూటలా ట్యాంకు నిండుగా వదిలితే ఖాళీ అవుతోంది, అయినా శివారు వీధుల్లో రెండు బిందెలు నిండేసరికే కుళాయి ఆగిపోతోంది. కొంత పాత ఏసీ (ఆస్‌బెస్టాస్ సిమెంటు) పైపు, కొంత పీవీసీ. సగం నీళ్లు లీకుల్లోనే పోతున్నాయని, లైను మొత్తం మార్చాలని వార్డులో అంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలని అడిగారు.

సగం పోతోందని ఇప్పుడున్న వివరాలతో ఎవరూ చెప్పలేరు, ఎవరూ కొలవలేదు కాబట్టి. ముందు చిన్న లెక్క చూడండి. రోజుకు 600 కిలోలీటర్లను 1,400 కనెక్షన్లకు పంచితే ఇంటికి సుమారు 428 లీటర్లు. ఇంటికి నలుగురనుకుంటే మనిషికి 107 లీటర్లు. భూగర్భ డ్రైనేజీ ఉన్న పట్టణాలకు పెట్టిన ప్రమాణం 135 లీటర్లు. అంటే మీ జోన్‌కు వచ్చే నీళ్లు మరీ తక్కువేమీ కాదు. మరి శివారుకు ఎందుకు చేరడం లేదు? రెండు కారణాలు ఉండొచ్చు: నీళ్లు భూమిలోకో, డ్రైన్లలోకో పోతుండాలి, లేదా ట్యాంకు దగ్గరి ఇళ్లు తమ వాటాకు మించి లాగేస్తుండాలి. చాలాచోట్ల రెండూ కలిసే ఉంటాయి. కానీ రెండింటికీ మందు వేరు. పంపకం సమస్యకు లైను మార్చితే, కొత్త లైన్లో కూడా శివారుకు నీళ్లు రావు. అందుకే కొలత ముందు.

కొలతకు ఖరీదైన మీటర్లు అక్కర్లేదు, మీ ట్యాంకే మీటరు. లోపలి వ్యాసం కొలవండి. గుండ్రటి ట్యాంకు లోపలి వ్యాసం 11 మీటర్లయితే నీటి మట్టం 1 సెంటీమీటరు దిగితే 950 లీటర్లు పోయినట్టు. మ్యాన్‌హోల్ అంచు నుంచి నీటి మట్టం దాకా స్టీలు టేపుతో కొలవచ్చు. రాత్రిపూట మాటిమాటికీ నిచ్చెనెక్కడం ప్రమాదం కాబట్టి అవుట్‌లెట్ పైపు మీద వాల్వుకు ముందు చిన్న ట్యాపింగ్ పెట్టి, పారదర్శకమైన గొట్టాన్ని ట్యాంకు స్తంభం వెంట పైదాకా కట్టుకుంటే మేలు. పరీక్ష సమయంలో నీళ్లు నిలకడగా పారుతున్నంతసేపు ఆ మట్టంలో వచ్చే తేడా నమ్మదగ్గదే.

మొదట ట్యాంకునే పరీక్షించండి. ఇన్‌లెట్, అవుట్‌లెట్ వాల్వులు రెండూ మూసి రెండు గంటలు చూడండి. మట్టం దిగితే అవుట్‌లెట్ వాల్వు పూర్తిగా మూసుకోవడం లేదు, లేదా స్కవర్ వాల్వు (ట్యాంకు అడుగు కడిగి వదిలే వాల్వు) కారుతోంది, లేదా కాంక్రీటే కారుతోంది. మట్టం పెరిగితే ఇన్‌లెట్ వాల్వు పాస్ అవుతోంది, అంటే మూసినా నీళ్లు జారుతున్నాయి. ఇవి సరిచేయకుండా చేసే ఏ కొలతకూ విలువ లేదు. అలాగే ట్యాంకు ఓవర్‌ఫ్లో పైపు ఎక్కడ తేలుతుందో వెళ్లి చూడండి. దాన్ని చాలాసార్లు నేరుగా డ్రైన్లోకి దించేస్తారు. తెల్లవారుజామున పంపు ఆపడం ఆలస్యమైతే పొర్లిపోయే నీళ్లు ఎవరి కంటా పడవు. ఫ్లోట్ స్విచ్ పెట్టించడం, ఓవర్‌ఫ్లో మూతిని కనబడే చోటికి మార్చడం ఈ మొత్తం పనిలో అన్నిటికన్నా చవకైన పొదుపు.

ఇక అసలు పరీక్ష. ఇరవై నాలుగు గంటలూ నీళ్లుండే ఊళ్లలో అర్ధరాత్రి రెండు మూడింటికి వాడకం దాదాపు ఉండదు కాబట్టి అప్పటి ప్రవాహమే లీకు అనుకుంటారు. గంట సరఫరా ఊళ్లలో అది కుదరదు. వదిలిన గంటా ప్రతి కుళాయీ, ప్రతి సంపూ తెరిచే ఉంటాయి. అందుకని కృత్రిమంగా ఒక నిశ్శబ్ద సమయం తయారుచేసుకోవాలి. ముందురోజు మైకులో చెప్పించండి. రాత్రి పదకొండుకల్లా ట్యాంకు నింపి, జోన్‌కు సరఫరా వదిలి, ఒంటిగంటదాకా సంపులన్నీ నిండనివ్వండి. ఈలోగా ట్యాంకు దిగిపోతే పంపు నడిపి మళ్లీ నింపుకోండి. ఒంటిగంటకు కుళాయిలు కట్టేయమని చెప్పి, లైన్‌మన్లను వీధికొకరిని నడిపించండి. ఫ్లోట్ వాల్వు లేక పొర్లుతున్న సంపులు, తలల్లేని వీధి కుళాయిలు, కట్టేయని ఇంటి కుళాయిలు ఇంటి నంబరుతో సహా రాసుకోవాలి. అక్కడికక్కడ కట్టించగలిగినవి కట్టించాలి. ఒకటిన్నరకు పంపు ఆపి, ఇన్‌లెట్ మూసి, కొలత మొదలుపెట్టండి.

ఉదాహరణకు పదిహేను నిమిషాల్లో మట్టం 15 సెంటీమీటర్లు దిగిందనుకుందాం. 14.25 కిలోలీటర్లు, అంటే గంటకు 57. రెండు గంటల సరఫరాకు 114, మొత్తంలో 19 శాతం. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. పరీక్షప్పుడు కుళాయిలు మూసి ఉంటాయి కాబట్టి లైన్లో ఒత్తిడి ఎక్కువ. మామూలు సరఫరాలో అందరూ తెరిచి ఉన్నప్పుడు ఒత్తిడి సగానికో అంతకన్నా కిందికో పడిపోతుంది, లీకూ దానితోపాటే తగ్గుతుంది. అందుకే రెండు సమయాల్లోనూ రెండు మూడు వీధుల్లో కుళాయికి ప్రెషర్ గేజి తగిలించి రాసుకోండి. ఒత్తిడిని నీటి ఎత్తుగా మీటర్లలో చెబుతారు; అది పరీక్షలో 12 మీటర్లు, సరఫరాలో 6 మీటర్లు ఉంటే అసలు నష్టం దాదాపు సగం, పది శాతం చుట్టుపక్కల ఉంటుంది. అలా తేలితే శివారు కష్టానికి లీకు ఒక్కటే కారణం కాదని తెలిసినట్టే.

అదే అంకెను ఇంకో వైపు నుంచి చూడండి. గంటకు 57 కిలోలీటర్లు కారే లైన్లో ఇరవై నాలుగు గంటలూ అదే ఒత్తిడితో నీళ్లు నిలబెడితే రోజుకు 1,368 కిలోలీటర్లు కావాలి. మీ మొత్తం సరఫరాకు రెండింతలకు పైన. సరఫరా గంటలు తక్కువుండటమే ఇప్పుడు లీకును కప్పిపెడుతోంది. లీకులు కట్టకుండా గంటలు పెంచితే ట్యాంకు ఖాళీ అవడం తప్ప ఒరిగేదేమీ ఉండదు. శాతాన్ని ఒక్కదాన్నే నమ్మవద్దనేది కూడా ఇందుకే. ఆదాయం రాని నీరు 20 శాతం లోపుండాలని 2008 నాటి కేంద్ర సేవా ప్రమాణాలు చెబుతున్నాయి, కేంద్ర పట్టణ పథకం అమృత్ 2.0 లక్ష్యమూ అదే. ఆ శాతంలో లీకుతోపాటు అక్రమ కనెక్షన్లు, తిరగని మీటర్లు, బిల్లు లేని వీధి కుళాయిలు అన్నీ కలిసి ఉంటాయి. ఫిట్టర్‌కు పనికొచ్చే అంకె వేరు: ఫలానా బ్రాంచిలో, ఫలానా ఒత్తిడి దగ్గర, గంటకు ఎన్ని లీటర్లు.

ఆ అంకె స్టెప్ టెస్టుతో వస్తుంది. అదే రాత్రి, శివారు నుంచి ట్యాంకు వైపుకి ఒక్కో బ్రాంచి వాల్వు మూసుకుంటూ రండి. ఒక్కో వాల్వు మూశాక పదిహేను నిమిషాల కొలత. తూర్పు వీధులు మూస్తే 57 కాస్తా 51 అయింది, స్కూలు వైపు మూస్తే 51 నుంచి 27కి పడింది అనుకోండి. గంటకు 24 కిలోలీటర్లు ఒక్క స్కూలు బ్రాంచిలోనే పోతున్నాయి, పని అక్కడే మొదలుపెట్టాలి. వాల్వు పూర్తిగా మూసుకుందో లేదో చూడటానికి ఇనుప చువ్వ ఒక కొస స్పిండిల్ మీద ఆనించి రెండో కొస చెవి దగ్గర పెట్టుకుంటే, లోపల నీళ్లు జారుతున్న సన్నటి చప్పుడు తెలిసిపోతుంది. ప్రతి వాల్వుకూ పూర్తి మూతకు ఎన్ని చుట్లో నోటుబుక్కులో రాసి పెట్టండి. రోడ్డు వేసినప్పుడు తారు కింద కప్పబడిపోయిన వాల్వు చాంబర్లను తవ్వి పైకి లేపడం ఈ పరీక్షకు వారం ముందే చేసుకోవాలి. చాలా ఊళ్లలో పరీక్ష ఆగిపోయేది ఇక్కడే.

బ్రాంచి దొరికాక వెతకాల్సింది ఎక్కువగా మెయిన్ పైపులో కాదు, ఇంటి కనెక్షన్లలో. మెయిన్ పగిలితే రోడ్డు మీద నీళ్లు లేస్తాయి, ఫోన్లు వస్తాయి, ఆ పూటే కడతారు. సెకనుకు 5 లీటర్లు పోయే పగులైనా రెండు గంటల సరఫరాలో పోయేది 36 కిలోలీటర్లు. సర్వీసు పైపుకు (మెయిన్ నుంచి ఇంటికి వచ్చే సన్న పైపు) పడిన 6 మిల్లీమీటర్ల రంధ్రం నుంచి 10 మీటర్ల ఒత్తిడికి గంటకు సుమారు 850 లీటర్లు పోతాయి. రోజుకు రెండు గంటలే అయినా ఏడాదిలో 620 కిలోలీటర్లు. దానికి ఫోన్ రాదు, అది కారేది డ్రైన్లోకి కాబట్టి. పైన చెప్పిన గంటకు 57 కిలోలీటర్లకు ఇలాంటి రంధ్రాలు 67 చాలు, అంటే ఇరవై ఇళ్లకు ఒకటి. మన ఊళ్లలో అది పెద్ద సంఖ్యేమీ కాదు.

చూడాల్సిన చోట్లు దాదాపు ఎప్పుడూ ఇవే. జీఐ (జింకు పూత ఇనుము) సర్వీసు పైపు డ్రైన్ గోడలోంచి దూరే చోటు: గోడ సిమెంటుకీ మురుగు తేమకీ మధ్య అక్కడే తుప్పు తినేస్తుంది. బయటికి పైపు గట్టిగానే కనబడుతుంది, గోరుతో గీకితే పొరలుగా రాలుతుంది. ఆ తర్వాత ఫెర్రూల్ (మెయిన్ నుంచి ఇంటి పైపును తీసే ముక్క) కూర్చున్న చోటు. శాడిల్ (మెయిన్ చుట్టూ బిగించే పట్టీ) లేకుండా పల్చటి పీవీసీకే మర తిప్పి బిగించినవి, కాల్చిన చువ్వతో బొక్క పెట్టి గుడ్డ చుట్టి దూర్చినవి తవ్వితే బయటపడతాయి. మూడోది అందరూ మరిచిపోయేది: కొత్త లైను వేసి కనెక్షన్లు మార్చాక కూడా పాత లైనును ట్యాంకు దగ్గర తెంచకుండా వదిలేయడం. ఆ పాత లైన్లో నీళ్లు నిండుతూనే ఉంటాయి, తీసేసిన ఇళ్ల ఫెర్రూళ్లు తెరుచుకునే ఉంటాయి, కొన్ని ఇళ్లకు రెండు లైన్ల నుంచీ నీళ్లు వస్తుంటాయి. స్టెప్ టెస్టులో అన్ని బ్రాంచులూ మూశాక కూడా మట్టం దిగుతూనే ఉంటే ముందు అనుమానించాల్సింది దీన్నే.

వెతికే పద్ధతి: సరఫరాకు ముందు డ్రైన్లు ఎలా పారుతున్నాయో ఒకసారి, రాత్రి పరీక్షప్పుడు టార్చిలైటుతో మరోసారి నడిచి చూడండి. ఇళ్ల నీళ్లు ఆగిపోయిన రెండింటికి కూడా డ్రైన్లో తేటనీరు పారుతుంటే ఎగువకు నడవండి, అది మొదలయ్యే చోటు దొరుకుతుంది. ఆ నీరు కుళాయిదా, బోరుదా అన్న సందేహం వస్తే క్లోరిన్ పరీక్ష చేయండి. ఓటీ (ఆర్థోటోలిడిన్) ద్రావణం చుక్కలు వేస్తే పసుపు తిరిగితే మన నీరే. మురుగులో క్లోరిన్ చచ్చిపోతుంది కాబట్టి రంగు రాకపోతే కాదని తేల్చేయకండి. నది నీళ్లు సరఫరా చేసే ఊళ్లలో టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాలు) మీటరు బాగా పనికొస్తుంది, అక్కడి బోరు నీళ్ల టీడీఎస్ సాధారణంగా చాలా ఎక్కువ ఉంటుంది కదా.

లిజనింగ్ రాడ్, గ్రౌండ్ మైక్రోఫోన్ ఇనుము, డీఐ (డక్టైల్ ఇనుము) లైన్లలో బాగా పలుకుతాయి. పీవీసీ, హెచ్‌డీపీఈ వంటి ప్లాస్టిక్ పైపుల్లో చప్పుడు కొద్ది దూరంలోనే ఆగిపోతుంది, అందుకే ప్రతి మీటరు, ప్రతి స్టాప్‌కాక్ మీదా పెట్టి వినాలి. కనీసం 10 మీటర్ల ఒత్తిడి లేకపోతే చిన్న లీకు పలకదు, మామూలు సరఫరా వేళ ఈ పనికి దిగొద్దు. కొరిలేటర్ (రెండు చోట్ల చప్పుడు విని లీకు చోటు లెక్కగట్టే యంత్రం) అద్దెకు తెస్తే పైపు రకం, పొడవు కచ్చితంగా చెప్పాలి. చప్పుడు ఇనుప పైపులో సెకనుకు 1,200 మీటర్ల చుట్టూ, ప్లాస్టిక్‌లో 300 నుంచి 500 మీటర్లు మాత్రమే నడుస్తుంది. మధ్యలో కొంత దూరం పీవీసీ అతుకు వేసిన సంగతి యంత్రానికి చెప్పకపోతే లీకు ఉన్నచోటు వదిలి వేరేచోట తవ్వుతారు.

లీకు కట్టడం గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. దొరికిన లీకుల్లో చాలాభాగం పాత మరమ్మతులే. సైకిల్ ట్యూబు చుట్టి, జీఐ తీగతో మెలిపెట్టి మట్టి కప్పేసింది ఆ పూటకు ఆగుతుంది. లైను రోజుకు రెండుసార్లు నిండి, రెండుసార్లు ఖాళీ అవుతుంటే తీగ వదులై, రబ్బరు పాడై కొన్ని నెలల్లోనే మళ్లీ కారుతుంది, ఈసారి మట్టి కింద. అంతకన్నా ముఖ్యం, సరఫరా ఆగాక ఆ పైపు ఖాళీ అవుతూ బయటి నీటిని లోపలికి పీలుస్తుంది. డ్రైన్ దాటే చోట ఉన్న రంధ్రం నీటి నష్టం కన్నా ముందు పిల్లల విరేచనాల సమస్య. మోటార్లు నేరుగా కుళాయి లైనుకు బిగించిన వీధుల్లో సరఫరా నడుస్తుండగానే ఈ పీల్పు జరుగుతుంది. మరమ్మతుల వరుసలో డ్రైన్లో మునిగిన పైపులను, అవి కారే పరిమాణంతో సంబంధం లేకుండా, మొదట పెట్టండి.

సర్వీసు కనెక్షన్‌ను ముక్కలుగా అతకకండి, మొత్తం మార్చండి. మెయిన్ మీద రబ్బరు వాషరుతో స్ట్రాప్ శాడిల్, హెచ్‌డీపీఈ మెయిన్ అయితే ఎలక్ట్రోఫ్యూజన్ (కరెంటు వేడితో అతికే) శాడిల్. బొక్క కట్టరుతోనే వేయాలి. ఇత్తడి ఫెర్రూల్. అక్కడి నుంచి మీటరుదాకా 20 మిల్లీమీటర్ల నీలిరంగు ఎండీపీఈ ప్లాస్టిక్ పైపు ఒకే ముక్క, మధ్యలో అతుకు ఉండకూడదు. ఫెర్రూల్ దగ్గర కొంచెం వదులుగా వంపు వదిలితే నేల కుంగినా పైపు లాగదు. కనీసం 60 సెంటీమీటర్ల లోతు. డ్రైన్‌ను దాని అడుగు కిందనుంచి, పెద్ద పైపు తొడుగులోంచి దాటించాలి. కంప్రెషన్ ఫిట్టింగ్‌లో పెట్టే ముందు పైపు కొసను ఏటవాలు లేకుండా అడ్డంగా సమంగా కోసి, లోపల ఇన్సర్ట్ తొడగాలి. అది మానేస్తే మొదట్లో బాగానే ఉంటుంది, తర్వాత పైపు జారి బయటికొస్తుంది.

పీవీసీ మెయిన్ నిలువునా చీలితే, కంటికి కనబడే చీలిక కొస నుంచి రెండు వైపులా ఇంకో 30 సెంటీమీటర్లు కోసి తీసేయండి. సన్నటి పగులు అంతదూరం పాకి ఉండొచ్చు. పైగా ప్లాస్టిక్‌లో నిలువు చీలిక ఒత్తిడి పెరిగేకొద్దీ నోరు తెరుచుకుంటుంది కాబట్టి, గుండ్రటి రంధ్రం కన్నా అందులో లీకు చాలా వేగంగా పెరుగుతుంది. వాల్వు పాస్ అయ్యి గుంతలో నీళ్లు చెమ్మగిలుతూనే ఉంటే సాల్వెంట్ అతుకు పట్టదు, అప్పుడు రబ్బరు రింగులున్న మెకానికల్ కప్లరే దారి. ఏసీ పైపుకు సీఐ (పోత ఇనుము) డిటాచబుల్ జాయింటు. ఏసీ పైపును పొడిగా గ్రైండరుతో కోయనివ్వకండి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు ప్రాణాంతకం. తడుపుతూ చేతి రంపంతో కోయాలి. పైపు కింద 10 నుంచి 15 సెంటీమీటర్ల ఇసుక, చుట్టూ రాళ్లు లేని మట్టి. మూసేముందు లైను వదిలి అతుకును ఒత్తిడిలో చూడాలి. లోపలి భాగాలను 1 శాతం క్లోరిన్ ద్రావణంతో (33 శాతం బలమున్న బ్లీచింగ్ పౌడరు లీటరుకు 30 గ్రాములు) తుడిచి, కొస దగ్గర నీళ్లు తేటపడేదాకా వదిలి, కుళాయిలో క్లోరిన్ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు వచ్చాకే సరఫరా ఇవ్వాలి.

మళ్లీ మళ్లీ పగిలే లైన్లలో లోపం చాలాసార్లు వాల్వు తిప్పే చేతిలో ఉంటుంది. ఖాళీ లైన్లోకి ఒక్కసారిగా నీళ్లు వదిలితే ముందున్న గాలి నొక్కుకుని, ఎక్కడో ఆగి, దెబ్బ కొడుతుంది. అవుట్‌లెట్ వాల్వును మొదట రెండు మూడు చుట్లే తెరిచి, పది పదిహేను నిమిషాల్లో పూర్తిచేయాలి. ఎత్తు ప్రదేశాల్లో ఎయిర్ వాల్వులు పనిచేస్తున్నాయో చూడండి, లీకవుతోందని కట్టె ముక్క కొట్టి మూసేసినవి మీకూ కనబడొచ్చు.

ఇప్పుడు పంపకం. సరఫరాలో ఒత్తిడి ట్యాంకు దగ్గర 9 మీటర్లు, శివారులో 1 మీటరు ఉందంటే, దగ్గరి ఇళ్లకు గంటలో అవసరానికి మించి అందుతోంది. జోన్‌ను రెండు భాగాలు చేసి, శివారుకు ముందుగా, దగ్గరి వీధులకు తర్వాత వదలండి. మూయాల్సిన సరిహద్దు వాల్వులు నిజంగా మూసుకుంటున్నాయో, అవతలి వైపు కుళాయి తెరిచి ఒత్తిడి సున్నాకు పడిందో లేదో చూసి నిర్ధారించుకోండి. సంపులకు ఫ్లోట్ వాల్వు తప్పనిసరి చేయడం, 15 మిల్లీమీటర్ల కనెక్షన్ తీసుకుని 25 వేసుకున్నవాటిని పట్టుకోవడం దీనిలో భాగమే. మీటర్లు పెడితే ఒక సంగతి గుర్తుంచుకోండి: 15 మిల్లీమీటర్ల క్లాస్ బి మీటరు గంటకు 30 లీటర్లకన్నా తక్కువ ధారను సరిగా లెక్కించదు. నిండబోయే సంపులోకి సన్నగా జారే నీళ్లు లెక్కలోకి రావు. ఖాళీ లైన్ గాలికి మాత్రం అదే మీటరు తిరిగిపోతుంది.

ఇది చేయగలిగే పనేనా అన్న అనుమానం అక్కర్లేదు. కంబోడియా రాజధాని నామ్‌పెన్‌లో 1993లో 72 శాతం నీళ్లకు లెక్కే లేదు. అక్కడి నీటి సంస్థ అధిపతి ఎక్ సోన్ చాన్ నాయకత్వంలో ప్రతి కనెక్షన్‌కూ మీటరు, పాత పైపుల మార్పిడి, అక్రమ కనెక్షన్ల ఏరివేత, రాత్రీపగలూ లీకు బృందాలు పెట్టి, పదిహేనేళ్లు తిరిగేసరికి దాన్ని 6 శాతం చుట్టుపక్కలకు దించారు. అక్కడా పైపులు మార్చారు, కానీ కొలతా పర్యవేక్షణా దానితోపాటే నడిచాయి.

మీ దగ్గర ఏ పైపు మార్చాలో కూడా ఈ కొలతే చెబుతుంది. సర్వీసులన్నీ మార్చాక అదే బ్రాంచికి మళ్లీ రాత్రి పరీక్ష చేయండి. గంటకు 24 కిలోలీటర్లు 5కి దిగితే ఆ మెయిన్ ఇంకా పనికొస్తుంది, వదిలేయండి. 20 దగ్గరే నిలిస్తే అతుకులే కారుతున్నాయి, ఆ బ్రాంచి మార్పిడికి ఎస్టిమేటు వేయించండి. ఆ ఎస్టిమేటులో పైపు, తవ్వకం మాత్రమే కాక మూడు పద్దులు విడిగా ఉన్నాయో లేదో సంతకానికి ముందు చూడండి: ప్రతి ఇంటి సర్వీసును మెయిన్ నుంచి మీటరుదాకా కొత్తగా వేయడం, బ్రాంచి మొదట్లో పనిచేసే వాల్వు, పాత లైనును ట్యాంకు వైపు కొస దగ్గర కోసి ఎండ్ క్యాప్ బిగించడం.